పనిలో చేతి టెండాన్లు తెగాయి, కాంట్రాక్టర్ 50 వేలిచ్చి సంతకం పెట్టమంటున్నాడు. ఏం చేయాలి?

స్వాతి_కరీంనగర్ | 2025 మార్చి 9

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 28 ఏళ్లు. హైదరాబాద్ శివార్లలో ఒక షీట్ మెటల్ యూనిట్‌లో రేకులు కత్తిరించే షియరింగ్ మిషన్ మీద పని చేస్తాడు. కంపెనీ రోల్స్‌లో లేడు, లేబర్ కాంట్రాక్టర్ కింద ఉన్నాడు. నెలకు 16 వేలు. అందులో పదిన్నర వేలు అకౌంట్‌లో పడతాయి, మిగతాది చేతికిస్తారు.

ఫిబ్రవరిలో నైట్ షిఫ్టులో రేకు దించుతుంటే జారింది. అంచు కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదట్లో దిగిపోయింది. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోంలో తెల్లారేసరికి ఆపరేషన్ చేశారు. రెండు వేళ్లకూ వంచే టెండాన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల లాంటివి) పూర్తిగా తెగాయని, చూపుడు వేలికి ఒక పక్క నరం కూడా తెగిందని డాక్టర్ చెప్పారు. ఇప్పుడు చేతికి స్ప్లింట్ ఉంది.

ఆసుపత్రి బిల్లు కాంట్రాక్టరే కట్టాడు, అది కాదనను. కానీ మొన్న ఇంటికొచ్చి, ఇంకో 50 వేలు ఇస్తాను, ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదని స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టమన్నాడు. గ్లవ్స్ వేసుకోలేదు కాబట్టి తప్పు మీవాడిదేనని కూడా అన్నాడు. పైగా డిశ్చార్జ్ సమ్మరీలో "ఇంట్లో గాజు తగిలి గాయం" అని రాసి ఉంది. తమ్ముడు నొప్పితో ఉన్నప్పుడు సూపర్‌వైజర్ అలా చెప్పి రాయించాడట. అమ్మానాన్న భయపడి సంతకం పెట్టేద్దామంటున్నారు. నాకు ఒకటే టెన్షన్.

పాత_ఫిట్టర్ | మార్చి 9

అమ్మా స్వాతీ, ముందు ఆ స్టాంపు పేపర్ పక్కన పెట్టు. ఎవరొచ్చినా "ట్రీట్‌మెంట్ అయ్యాక మాట్లాడదాం" అని పంపించెయ్.

తమ్ముడి జీతంలో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కటింగ్ ఉందేమో అడుగు. ఉంటే ఐపీ నంబర్, అంటే బీమా ఉన్న కార్మికుడి నంబర్ ఉంటుంది. ఆధార్‌కు లింకైన మొబైల్ నంబర్ ఇచ్చి ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడిగితే వెతికి చెబుతారు. గాజువాకలో నేను యూనియన్‌లో తిరిగిన రోజుల్లో కాంట్రాక్ట్ కుర్రాళ్లలో సగం మందికి తమ నంబర్ తెలిసేది కాదు. డబ్బు కట్ అవుతూనే ఉండేది.

ఇంకోటి, రాత్రి పూట తీసిన ఫోటోలు, సూపర్‌వైజర్ చేసిన వాట్సాప్ మెసేజ్‌లు, కాల్ లిస్టు ఏవీ డిలీట్ చేయొద్దు. పక్కన పనిచేసినవాళ్లు ఇద్దరితో తెల్ల కాగితం మీద జరిగింది జరిగినట్టు రాయించి, సంతకం, తేదీ వేయించు. నాలుగు నెలలు పోతే వాళ్లు వేరే యూనిట్‌కు వెళ్లిపోతారు, దొరకరు.

లేబర్_వకీలు | మార్చి 10

స్వాతి గారూ, నేను గుంటూరులో కార్మిక పరిహారం కేసులు చూస్తాను. మీ విషయంలో మొదట తేలాల్సింది ఒక్కటే: తమ్ముడు ఈఎస్ఐ కిందికి వస్తాడా, రాడా. నెల జీతం 21,000 లోపు, యూనిట్‌లో పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే వస్తాడు. వస్తే దారి ఈఎస్ఐ ఒక్కటే. 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం కింద యజమాని మీద వేరే కేసు వేయడానికి ఈఎస్ఐ చట్టంలోని 53వ సెక్షన్ అడ్డొస్తుంది. రెండూ కలిపి వసూలు చేయిస్తామని చెప్పేవాళ్ల మాట నమ్మకండి.

చాలామందికి తెలియని ముక్క ఇది: చందా నిజంగా కట్టారా లేదా అన్నది అంత ముఖ్యం కాదు. కట్టాల్సి ఉందా అన్నదే చట్టం చూస్తుంది. యజమాని ఎగ్గొట్టినా ఈఎస్ఐ కార్పొరేషన్ బెనిఫిట్ ఇచ్చి, ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా కవరేజీ ఉంటుంది. కాంట్రాక్టర్ కింద ఉన్నా అసలు బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌దే, అంటే ఆ కంపెనీదే.

గ్లవ్స్ సంగతి: అజాగ్రత్త వేరు, కావాలని సేఫ్టీ గార్డు పీకేయడం వేరు. నైట్ షిఫ్టులో గ్లవ్స్ లేకుండా రేకు పట్టుకున్నాడని పరిహారం పోదు. ఇంతకీ గ్లవ్స్ ఇచ్చారా? ఇచ్చినట్టు రిజిస్టర్‌లో సంతకం ఉందా? అది వాళ్లు చూపించాలి.

ఎదురుగాలి | మార్చి 10

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటున్నాను. 50 వేలు తీసుకోండి. లేబర్ ఆఫీసుల చుట్టూ తిరిగేసరికి చెప్పులు అరిగిపోతాయి. వేళ్లు తెగి పడలేదు కదా, నాలుగు నెలల్లో మామూలైపోతాడు. కంపెనీతో గొడవ పెట్టుకుంటే ఆ ఏరియాలో ఇంకెవరూ పని ఇవ్వరు.

చేతి_ఫిజియో | మార్చి 11

"మామూలైపోతాడు" అన్నది ఇప్పుడే చెప్పగలిగే మాట కాదండీ. నేను చేతి రిహాబ్‌లోనే పని చేస్తాను.

అరచేతి మడత దగ్గర్నుంచి వేలి మధ్య భాగం దాకా ఉన్న చోటు చాలా ఇరుకైనది. ఒక్కో వేలికి వంచే టెండాన్లు రెండు, ఆ రెండూ ఒకే సన్నటి సొరంగంలోంచి జారుతూ వెళ్తాయి. అక్కడ తెగి కుడితే, మానేటప్పుడు చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుపోతాయి. కుట్టు బాగానే ఉంటుంది, కానీ వేలు వంగదు. అలా కాకూడదని స్ప్లింట్‌లో ఉండగానే, థెరపిస్టు చెప్పిన హద్దులో కదలికలు మొదలుపెడతాం. అలాగని సొంతంగా గట్టిగా పిడికిలి బిగిస్తే కుట్టు తెగుతుంది. మొదటి కొన్ని వారాల్లోనే ఆ ప్రమాదం ఎక్కువ. సాధారణంగా ఆరు వారాలు స్ప్లింట్ ఉంటుంది, పన్నెండు వారాల దాకా బరువులు వద్దంటాం. అప్పటికీ అతుక్కుపోయి ఉంటే కొన్ని నెలలు ఆగి, విడదీయడానికి మళ్లీ ఆపరేషన్ చేస్తారు. టెండాన్ పూర్తిగా పాడైతే ముంజేతి నుంచో కాలి నుంచో వేరే టెండాన్ తీసి వేయాల్సి రావచ్చు. అది ఒక్కోసారి రెండు విడతల ఆపరేషన్.

అంటే ఈ గాయం ఖరీదు మార్చి నెలలో ఎవరూ కట్టలేరు.

స్వాతి గారూ, ఫిజియోకి వెళ్లినప్పుడల్లా ఈ కొలతలు షీట్‌లో రాయించండి: పిడికిలి వేసినప్పుడు వేలి కొన అరచేతికి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఆగుతోంది, ఒక్కో కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, పట్టు బలం ఎడమ చేతితో పోలిస్తే ఎంత ఉంది. "ఇంప్రూవింగ్" అని ఒక్క ముక్క రాసిన కాగితం రేపు వైకల్యం ఎంతో తేల్చే మెడికల్ బోర్డు ముందు ఎందుకూ పనికిరాదు. చూపుడు వేలి స్పర్శ సంగతి కూడా విడిగా రాయించండి. టెండాన్ గొడవలో పడి నరం సంగతి రికార్డుకెక్కకుండా పోతుంటుంది.

లేబర్_వకీలు | మార్చి 11

ఎదురుగాలి గారూ, మీ భయం నాకు అర్థమైంది. లెక్క కూడా చూడండి. ఈఎస్ఐ లేదనుకుందాం. కాంపెన్సేషన్ చట్టం కింద 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే నెల జీతం గరిష్ఠంగా 15,000. దాంట్లో 60 శాతం 9,000. 28 ఏళ్ల వయసుకు చట్టం షెడ్యూల్‌లో (పట్టికలో) ఉన్న ఫ్యాక్టర్, అంటే గుణించాల్సిన అంకె, 211.79. రెండూ గుణిస్తే 19,06,110. ఇది సంపాదన శక్తి నూటికి నూరు పాళ్లూ పోతే వచ్చే మొత్తం. 20 శాతమే పోయిందనుకున్నా 3,81,222. ప్రమాదం జరిగిన నాటి నుంచి నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం చూపకపోతే 50 శాతం దాకా పెనాల్టీ. వైద్య ఖర్చు వేరు.

ఇక ఆ స్టాంపు పేపర్. చట్టం ఇచ్చిన పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా అది చెల్లదు. ఒప్పందం చేసుకున్నా కమిషనర్ దగ్గర రిజిస్టర్ కావాలి, మొత్తం మరీ తక్కువగా ఉంటే ఆయన నిరాకరించవచ్చు. అయినా సంతకం పెట్టొద్దనే చెబుతాను, తర్వాత దాన్ని పట్టుకుని రెండేళ్లు వాదిస్తారు.

హెచ్ఆర్_మనిషి | మార్చి 12

అవతలి వైపు కూడా చెప్పనివ్వండి. నేను ఒక చిన్న యూనిట్‌లో హెచ్ఆర్. యజమానులంతా దొంగలు కారు, చాలామందికి భయం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ అంటేనే. యాక్సిడెంట్ రిపోర్టు పంపితే తనిఖీ మీద పడుతుందని "ఇంట్లో తగిలింది" అని రాయిస్తారు. కానీ ఈఎస్ఐ ఉన్నచోట ఇది మూర్ఖత్వం. చందా కడుతున్నదే ఇందుకు కదా: యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడిది 0.75. రిపోర్టు పంపితే ఖర్చు కార్పొరేషన్ భరిస్తుంది. దాచిపెడితే మొత్తం నెత్తిన పడుతుంది.

స్వాతి గారికి నా సలహా: కాంట్రాక్టర్‌తో ఫోన్లో వాదించకండి. కంపెనీ పేరు మీదే లెటర్ రాయండి. తేదీ, షిఫ్ట్, మిషన్, గాయం, చూసినవాళ్లు, ఆసుపత్రి, అంతే. ఆవేశం వద్దు. "ఫారం 12 యాక్సిడెంట్ రిపోర్టు ఈఎస్ఐకి పంపి, కాపీ ఇవ్వగలరు" అని చివర రాయండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అదే ఈమెయిల్ కూడా చేసి, ఒక కాపీ బ్రాంచి మేనేజర్‌కు పెట్టండి. యాక్సిడెంట్ బుక్‌లో ఎంట్రీ పడిందో లేదో కూడా అడగండి.

డిశ్చార్జ్ సమ్మరీ కొట్టేసి మార్చమంటే ఏ ఆసుపత్రీ మార్చదు, మార్చకూడదు కూడా. పేషెంట్ స్వయంగా రాసిచ్చిన వివరణను రికార్డులో చేర్చమని, అందిందని ముద్ర వేసి ఇమ్మని అడగండి.

మోడరేటర్ | మార్చి 12

పత్రాల ఫోటోలు పెట్టేవాళ్లు ఐపీ నంబర్, ఆధార్, ఫోన్ నంబర్ కనిపించకుండా చెరిపి పెట్టండి. కంపెనీ, ఆసుపత్రి పేర్లు రాయొద్దు. నిన్న రెండు పోస్టులు అందుకే తీసేశాం.

రామగుండం_రవి | మార్చి 14

అక్కా, నాది ఇలాంటి కేసే. ఎడమ చేతి బొటన వేలు, చూపుడు వేలు టెండాన్లు తెగాయి. ఇప్పుడు ఈఎస్ఐ నుంచి నెల నెలా పర్మనెంట్ డిజేబుల్‌మెంట్ డబ్బు వస్తోంది. మళ్లీ పని చేసుకుంటూ జీతం తీసుకుంటున్నా అది ఆగదు, బతికున్నంత కాలం వస్తుంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి.

ముందు వచ్చేది టెంపరరీ. పనికి వెళ్లలేని రోజులన్నిటికీ సగటు రోజు జీతంలో 90 శాతం, ఎన్నాళ్లని గరిష్ఠ పరిమితి లేదు. దీనికి డిస్పెన్సరీ డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్లు గొలుసులా తెగకుండా ఉండాలి. మధ్యలో ఒక వారం గ్యాప్ వస్తే ఆ వారం డబ్బు రాదు. ప్రైవేటులో ఆపరేషన్ అయినా సరే, వెంటనే ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లి చూపించి, అక్కడి నుంచి సర్టిఫికెట్ మొదలుపెట్టించు. ప్రైవేటు బిల్లులు ఎమర్జెన్సీ కింద రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవచ్చు, అన్నీ రావు. మీ బిల్లు కాంట్రాక్టర్ కట్టాడు కాబట్టి ఆ తలనొప్పి నీకు లేదు.

ఆఖరి సర్టిఫికెట్ ఇచ్చాక మెడికల్ బోర్డు. నేను వెళ్లినప్పుడు బోర్డులో ఒక డాక్టర్ చేయి చాచమన్నాడు, చాచాను. పిడికిలి బిగించమన్నాడు, బొటన వేలు సగంలో ఆగింది. "ఏం పని చేసేవాడివి?" అని అడిగాడు. వెల్డింగ్ అన్నాను. ఎలా పట్టుకునేవాడివో చూపించమన్నాడు. టేబుల్ మీద ఉన్న పెన్ను తీసి హోల్డర్ పట్టుకున్నట్టు పట్టుకోబోయాను, జారి కింద పడింది. ఆయన అది రాసుకున్నాడు. మీ తమ్ముడికి కూడా తాను చేసే పనిలో చేతి కదలికలు ఏమిటో నోటితో చెప్పడం ముందే అలవాటు చేయించు. మనోళ్లు డాక్టర్ ముందు "బానే ఉంది సార్" అనేస్తారు, అలవాటు కదా.

స్వాతి_కరీంనగర్ | మార్చి 15

అందరికీ చాలా థ్యాంక్స్. రవి తమ్ముడూ, నీ పోస్టు మావాడికి చదివి వినిపించాను. ఒక డౌటు: సదరం సర్టిఫికెట్ తీసుకుంటే సరిపోతుందని ఊళ్లో ఒకాయన అంటున్నాడు. నిజమేనా?

లేబర్_వకీలు | మార్చి 15

సరిపోదు. సదరంలో చూసేది శరీర వైకల్యం శాతం, అది పింఛను, రాయితీల కోసం. పరిహారంలో చూసేది సంపాదన శక్తి ఎంత తగ్గిందని. రెండూ ఒకటి కావు. వడ్రంగి చేయి పోతే, శరీర వైకల్యం శాతం ఎంతైనా, వడ్రంగిగా అతని సంపాదన మొత్తం పోయినట్టే. 1976లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చెప్పింది. పరిహారం ప్రమాదం జరిగిన నాటి నుంచే బాకీ పడుతుందని తేల్చింది కూడా ఆ తీర్పే.

టెండాన్ కేసుల్లో ఇంకో చిక్కు ఉంది. షెడ్యూల్‌లో వేళ్లు తెగిపోవడానికే శాతాలు రాసి ఉన్నాయి: చూపుడు వేలు మొత్తం పోతే 14, మధ్య వేలు 12, ఒక చేతి రెండు వేళ్లు పోతే 20. టెండాన్ తెగడం ఆ జాబితాలో లేదు. కానీ షెడ్యూల్ కింద ఒక గమనిక ఉంది: ఏదైనా అవయవం పూర్తిగా, శాశ్వతంగా పని చేయకపోతే అది పోయినట్టే లెక్క. వేలు కళ్ల ముందు కనిపిస్తోంది కదా అని యజమాని వాదించినప్పుడు దాన్నే చూపిస్తాం. కొంత పని చేస్తుంటే, ఎంత మేరకు సంపాదన తగ్గిందో డాక్టర్ అంచనా వేయాలి. చేతి_ఫిజియో గారు చెప్పిన కొలతలు అక్కడ కావాలి.

మేస్త్రీ_భీమవరం | మార్చి 18

అన్నా, నేను టైల్స్ పని చేస్తాను. వయసు 40. కటింగ్ బ్లేడు తగిలి ఎడమ చేతి మణికట్టు దగ్గర టెండాన్లు తెగాయి. మాకు ఈఎస్ఐ ఏమీ లేదు, ఇల్లు కట్టించే బిల్డర్ కింద కాంట్రాక్టర్, ఆయన కింద నేను. బిల్డర్ ఫోన్ ఎత్తడం లేదు.

లేబర్_వకీలు | మార్చి 18

మేస్త్రీ గారూ, ఈఎస్ఐ వర్తించకపోతే మీది నేరుగా కాంపెన్సేషన్ కేసు. మధ్యలో ఎంతమంది కాంట్రాక్టర్లున్నా, తన వ్యాపారంలో భాగంగా పని చేయించుకున్న బిల్డర్‌ను అడగవచ్చు. మీ జిల్లాలో లేబర్ శాఖ అధికారే పరిహార కమిషనర్‌గా కూర్చుంటారు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. 40 ఏళ్లకు ఫ్యాక్టర్ 184.17. పనికి పోలేని కాలానికి నెల జీతంలో 25 శాతం చొప్పున పదిహేను రోజులకోసారి ఇవ్వాలి. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది, దాని కిందికి రాకపోయినా ఆదాయ పరిమితిలో ఉంటే ఇస్తారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉంటే అక్కడ కూడా విడిగా దరఖాస్తు పెట్టండి.

స్వాతి_కరీంనగర్ | జులై 2

అప్‌డేట్. ఐపీ నంబర్ దొరికింది. కాంట్రాక్టర్ కోడ్ కిందే ఉంది, పుట్టిన తేదీ, నాన్న పేరు తప్పు. అవి సరిచేయించాం. కంపెనీకి రిజిస్టర్డ్ లెటర్ వెళ్లిన వారంలోనే ఫారం 12 అప్‌లోడ్ చేశారు. కాంట్రాక్టర్ ఇంటికి రావడం మానేశాడు! టెంపరరీ డబ్బు బ్యాంకులో పడింది, కానీ పదిన్నర వేల మీదే లెక్క కట్టారు.

మధ్య వేలు బాగానే వంగుతోంది. చూపుడు వేలు కొన అరచేతికి నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతోంది. అతుక్కుపోయింది, విడదీసే ఆపరేషన్ చేయాలన్నారు. ఈఎస్ఐ నుంచే రెఫర్ చేస్తున్నారు.

చేతి_ఫిజియో | జులై 3

ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే కదలికలు మొదలుపెట్టాలి, ఇది ముందే థెరపిస్టుతో మాట్లాడి పెట్టుకోండి. విడదీసిన టెండాన్‌ను కదపకుండా వదిలేస్తే మళ్లీ అతుక్కుంటుంది. ఆ మొదటి రెండు వారాలు నొప్పి ఉంటుంది, తమ్ముడికి చెప్పి ఒప్పించండి. సిగరెట్ అలవాటుంటే మాన్పించండి.

ఎదురుగాలి | జులై 3

సరే, ఫారం 12 అంత తొందరగా పడుతుందని నేననుకోలేదు. కానీ ఉద్యోగం ఉంటుందా? అదే నా అసలు అనుమానం.

పాత_ఫిట్టర్ | జులై 4

టెంపరరీ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో పనిలోంచి తీసేయకూడదు బాబూ, ఈఎస్ఐ చట్టంలోనే ఉంది, 73వ సెక్షన్. ఆ కాలం దాటాక మాత్రం మన జాగ్రత్తే. తేలిక పని ఇమ్మని కంపెనీకి ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.

స్వాతి_కరీంనగర్ | డిసెంబర్ 7

రెండో ఆపరేషన్ అయింది, చూపుడు వేలు కొంత మెరుగు. ఆఖరి సర్టిఫికెట్ ఇచ్చారు. సంపాదన శక్తి 18 శాతం తగ్గిందని బోర్డు ఇచ్చింది. తమ్ముడిని స్టోర్స్‌లో కూర్చోబెట్టారు, మిషన్ మీదికి పంపడం లేదు. రెండు ప్రశ్నలు. ఈ 18తో ఆగాలా? కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయంటున్నారు, మాది మారుతుందా?

లేబర్_వకీలు | డిసెంబర్ 8

సామాజిక భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. మీ ప్రమాదం ఫిబ్రవరిలో జరిగింది, హక్కు పాత చట్టం కిందే పుట్టింది. దాన్ని పట్టుకునే నడవండి.

18 శాతం మీద అప్పీలుకు మూడు నెలల గడువు ఉంది, మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ముందు ఆ అంచనా ఫైనలా, ప్రొవిజనలా చూడండి. ప్రొవిజనల్ అయితే మళ్లీ ఎలాగూ పిలుస్తారు. కుడి చేతి చూపుడు వేలు, పైగా స్పర్శ లేదు, మిషన్ పని వదిలి స్టోర్స్‌కు మారాడు. అప్పీలుకు బలం ఉందనే నేనంటాను. స్టోర్స్‌కు మార్చినట్టు కాగితం తీసుకోండి.

శాతం కంటే జీతం లెక్కలో ఎక్కువ పోతోంది మీకు. పదిన్నర వేలను 26తో భాగించి, 90 శాతం తీసి, అందులో 18 శాతం వేస్తే రోజుకు 65 రూపాయల చిల్లర. అదే 16 వేల మీద అయితే దాదాపు 100. నెలకు వెయ్యి రూపాయల తేడా, అదీ జీవితాంతం. చేతికిచ్చిన డబ్బుకు ఆధారం ఏముంది?

స్వాతి_కరీంనగర్ | డిసెంబర్ 8

కాంట్రాక్టర్ మనిషి ప్రతి నెలా కవర్ మీద పేరు, ఓటీ గంటలు, మొత్తం రాసి ఇచ్చేవాడు. తమ్ముడు ఓ పది కవర్లు దాచాడు.

లేబర్_వకీలు | డిసెంబర్ 8

బంగారం. వాటి జిరాక్స్‌లతో, తోటివాళ్ల స్టేట్‌మెంట్లతో ఈఎస్ఐ రీజనల్ ఆఫీసుకు రాయండి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసర్‌తో జీతాల రికార్డు తనిఖీ చేయించమని అడగండి. ఒరిజినల్ కవర్లు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

మేస్త్రీ_భీమవరం | డిసెంబర్ 10

వకీలు గారూ, బిల్డర్‌కు లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వెళ్లింది. నేను ఆయన దగ్గర పనే చేయలేదని జవాబిచ్చాడు. సైట్‌లో తీసుకున్న సెల్ఫీలు, ఆయన ఫోన్‌పేలో పంపిన అడ్వాన్సు ఉన్నాయి.

లేబర్_వకీలు | డిసెంబర్ 10

ఫోన్‌పే స్టేట్‌మెంట్‌ను బ్యాంకు ముద్రతో తీసుకోండి. టైల్స్ కొట్టు వాడు సైట్‌కు సరుకు పంపిన బిల్లు మీద మీ సంతకం ఉంటే అదీ తెండి.

మేస్త్రీ_భీమవరం | డిసెంబర్ 11

ఉంది. సరుకు దింపించుకున్నది నేనే.